పైన మంచుగడ్డ, కింద విరిగిన పాలు

ప్రశ్న: మాది పూతలపట్టు. ఒంటి తలుపు ఫ్రిజ్ కొని ఆరేళ్లయింది. ఫ్రీజర్‌లో మంచు గడ్డకడుతోంది, కింద పెట్టిన పాలేమో విరిగిపోతున్నాయి. ఫ్రిజ్ మార్చేయాలా?
– ఒక గృహిణి

జవాబు: అప్పుడే మార్చక్కర్లేదమ్మా. తలుపు తీసినప్పుడల్లా లోపలికి వెళ్లే గాలిలోని తేమే మంచుగా పేరుకుంటుంది. ఆ పొర మందమయ్యేకొద్దీ చల్లదనం కిందికి దిగదు.

ముందు ప్లగ్ తీసి, సామాన్లు బయటపెట్టి, మంచును దానంతట అదే కరగనివ్వండి. కత్తితో గీకితే గ్యాస్ గొట్టానికి చిల్లు పడుతుంది. ఇకపై పొర అర సెంటీమీటరు కాగానే డీఫ్రాస్ట్ బటన్ నొక్కండి.

తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి, మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే. సబ్బునీళ్లతో తుడిచినా బిగియకపోతే కొత్తది వేయించండి.

కూరలు చల్లారాకే పెట్టండి. బేనీషా మామిడిపండ్లు బుట్టెడు కుక్కేస్తే లోపల గాలి ఆడదు. పాలను తలుపు అరలో కాక ఫ్రీజర్ కింది ట్రేలో ఉంచండి. అక్కడ 4 డిగ్రీలు దాటకూడదు. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం జరపండి.

ఇంత చేశాక ఒక రోజు నడిచినా చల్లబడకపోతే, మోటారు ఆగకుండా తిరుగుతుంటే మెకానిక్‌ను పిలవండి. ముట్టుకుంటే షాక్ కొడితే మాత్రం వెంటనే మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి.