ఆశ్రమ పాఠశాలలో సేవ – భాష తొలి మెట్టు

సేవాకార్యక్రమం అనగానే బాటలు బాగుచేయడం, మొక్కలు నాటడం, రక్తదానం చేయడం మన విద్యార్థులకు స్ఫురిస్తాయి. 1969లో జాతీయ సేవా పథకం ప్రారంభమైన నాటినుండి కళాశాలలలో ఈ పనులు జరుగుతూనే ఉన్నాయి. వీటితోపాటు చేయదగిన పని మరొకటి ఉన్నది. అది గిరిజన ఆశ్రమ పాఠశాలకు వెళ్ళి, అక్కడే వసతి ఉండి చదువుకొనే బాలబాలికలకు సాయంకాలపు చదువులో తోడ్పడటం. దీనికి ఉత్సాహం ఒక్కటే చాలదు. కొంత పూర్వజ్ఞానం కావాలి. అందులో మొదటిది భాషకు సంబంధించినది. ఆదిలాబాదు ప్రాంతపు గోండు పిల్లలను దృష్టాంతంగా తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఈ ప్రాంతపు గిరిజన విద్యకు ఒక చరిత్ర ఉన్నది. భూమికోసం, అడవిపై హక్కుకోసం పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం ప్రభుత్వ పోలీసుల కాల్పులలో అమరుడైనాడు. అటుపిమ్మట గోండుల స్థితిగతులను పరిశీలించే బాధ్యతను ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన సతీసమేతంగా మార్లవాయి గ్రామంలో నివసించాడు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండి భాషలోనే, నాగరి లిపిలో, వాచకాలు తయారైనాయి. ఆనాటి రాజభాష ఉర్దూ. అయినప్పటికీ తొలి పాఠం పిల్లవాని ఇంటి మాటలోనే సాగాలని ఆ పథకం గుర్తించింది. కాలక్రమాన ఆ వాచకాలు మూలబడి, బోధన తెలుగులోకి మారింది.

మన రాజ్యాంగం 30వ అధికరణం ద్వారా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించుకొనే హక్కును ఇచ్చింది. 1956లో చేరిన 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించేందుకు కృషి చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. ఇంట ఉర్దూ, బయట తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనలో చాలామందికి దీని అర్థాన్ని వేరుగా వివరించనక్కరలేదు. అయితే ఉర్దూ మాట్లాడే పిల్లవానికి ఉర్దూ బడి ఉన్నది, పత్రిక ఉన్నది, గ్రంథాలయం ఉన్నది. గోండు పిల్లవానికి ఆపాటి ఆసరా లేదు.

గోండి తెలుగుకు దూరపు భాష కాదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు రెంటినీ ద్రావిడ భాషలలోని దక్షిణ-మధ్య శాఖలోనే చేర్చారు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సైయుంగ్ అని గోండి పిల్లలు లెక్కపెడుతుంటే మన ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు చెవికి తగులుతాయి. వారి 'ఏర్' అంటే నీరు. మన 'ఏరు' దానికి చుట్టమే.

కాని దగ్గరితనమే ఒక్కొక్కప్పుడు చిక్కు తెస్తుంది. తెలుగులో 'అక్క వచ్చింది, ఆవు వచ్చింది' అంటాము. ఏకవచనంలో స్త్రీకి, పశువుకు క్రియారూపం ఒక్కటే. బహువచనంలో మాత్రం 'అక్కలు వచ్చారు, ఆవులు వచ్చాయి' అని వేరుచేస్తాము. గోండిలో పురుషులకు ఒక రూపం, తక్కిన సమస్తానికీ మరొక రూపం. బహువచనంలోనూ ఇదే పద్ధతి. కనుక ఆ పిల్లవాడు 'మా అక్కలు వచ్చాయి' అని అంటే అది అమర్యాద కాదు, తెలివితక్కువతనం అంతకంటె కాదు. అతడు తన ఇంటి వ్యాకరణాన్ని పొల్లుపోకుండా పాటించాడన్నమాట. ఈ సంగతి తెలియనివాడు నవ్వుతాడు. పదమూడు, పదునాలుగేండ్ల వయసులో ఆ నవ్వు దెబ్బకంటె పెద్ద శిక్ష. నవ్వులపాలైన పిల్లవాడు మరునాడు నోరు విప్పడు. నోరు విప్పనివాడు పాఠంలో వెనుకబడతాడు. వెనుకబడినవాడు ఒక పండుగకు ఇంటికి వెళ్ళి తిరిగి రాడు. బడి మానుటకు పేదరికం, దూరం మొదలైన కారణాలు అనేకం ఉండవచ్చును. వాటిని తొలగించడం మన చేతిలో లేకపోవచ్చును. ఈ ఒక్క కారణం మాత్రం మన చేతిలోనిదే.

కావున సేవకు వెళ్ళేవారు కొన్ని నియమాలు పాటించాలి. ప్రధానోపాధ్యాయుని అనుమతి ముందుగా పొందాలి. బాలికల వసతిగృహానికి అధ్యాపికలతో కలిసి విద్యార్థినులే వెళ్ళాలి. మొదటి రోజు పాఠం చెప్పరాదు, నేర్చుకోవాలి. నూరు గోండి మాటలు పిల్లలనే అడిగి, ఒక నోటుబుక్కులో గోండి, తెలుగు, ఇంగ్లీషు మూడు వరుసలుగా వ్రాసుకోవాలి. దీనివలన గురువు స్థానంలో కూర్చొనే అవకాశం వారికి దక్కుతుంది. అక్కడినుండి తెలుగు వాక్యానికి వెళ్ళడం సులభం. గుంజాల గ్రామంలో దొరికిన ప్రతులలోని గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించిన సంగతి వారికి చెప్పాలి. దీపావళి వేళ దండారి ఆటలకు, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు పిల్లలు ఇంటిదారి పడితే దానిని క్రమశిక్షణా రాహిత్యంగా భావించరాదు. ఈద్‌కు మనం ఇల్లు చేరాలనుకోమా?

అన్నిటికంటె ముఖ్యమైనది నిలకడ. పదిరోజుల శిబిరంలో పలకలు పంచి, ఫోటోలు దిగి, మరల ఆ ముఖం చూపనివారివలన పిల్లలకు మిగిలేది నిరాశయే. నెలకు ఒక్క ఆదివారమైనా సరే, చెప్పిన రోజున తప్పక వెళ్ళగలిగిన నలుగురు చాలు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! మన భాషను ఇతరులు గౌరవించాలని మనం కోరుకొంటాము. ఆ కోరికకు విలువ రావాలంటే, మనకంటె తక్కువ ఆసరా ఉన్న భాషను మనం ముందుగా గౌరవించాలి. రాబోయే సెలవులలో ఆ నోటుబుక్కు మొదటి పుట వ్రాయడానికి మీలో ఎందరు సిద్ధమో ఆలోచించండి.