పాతయింట బస
పల్లెసీమల ప్రాచీన గృహములు - వాని పునరుద్ధరణము

అన్నవస్త్రముల తరువాత మనుజునకు ముఖ్యమైనది ఇల్లు. దేవాలయములను గూర్చియు దుర్గములను గూర్చియు మనము చరిత్ర పాఠములలో చదువుచున్నాము. ఆ దేవాలయములను కట్టిన చేతులే కట్టిన ఇండ్లను గూర్చి చదువుట అరుదు. దేవాలయమునకు అర్చకుడు గలడు. దుర్గమునకు పురావస్తుశాఖ గలదు. పల్లెలోని పాతయింటికి మాత్రము, అందలి వారు వెడలిపోయినచో, దిక్కు లేదు. ఇటీవలి కాలమున అట్టి ఇండ్లలో కొన్నిటిని బాగుచేసి, పొరుగూళ్లనుండియు దూరదేశములనుండియు వచ్చువారికి కొన్నాళ్ల బసకు ఇచ్చు పద్ధతి వ్యాపించుచున్నది. ఈ పద్ధతి ఎట్టిది? దీనివలన పాతయిల్లు నిజముగా బ్రదుకునా? మన బర్గూరు సీమవారు దీనినుండి నేర్వదగినది యేమి? ఈ మూడు ప్రశ్నలను ఈ పాఠమున విచారింతము.

1. ఇంటి కట్టడము

ఇంటిని బాగుచేయదలచినవాడు మొదట అది ఎట్లు కట్టబడినదో తెలిసికొనవలెను. మన సీమ రాతిసీమ. నేడు బర్గూరు పరిసరములలోని గ్రానైటురాయి యంత్రములతో కోయబడి దేశాంతరములకు పోవుచున్నది. పూర్వము ఆ రాయియే ఉలితో చీల్చబడి పునాదియు, గడపయు, కంబమును అయ్యెడిది. పునాదిపై దళసరి మట్టిగోడ లేచును. మిద్దె యిల్లయినచో గోడలమీద దూలములు, దూలములమీద దంతెలు, దంతెలమీద కట్టెలో రాతిబండలో పరచి, ఆపైని మన్ను మెత్తుదురు. పెంకుటిల్లయినచో వాసములమీద కుమ్మరి చేసిన నాటుపెంకులు కప్పుదురు. కలిగినవారి యింట నడుమ ఆకాశమునకు తెరచియున్న మండువాయు, దాని చుట్టును పంచలును, పంచల నానుకొని గదులును ఉండును. వీధివైపున తిన్నె, గోడలో దీపపుగూడు, మిద్దెలో వెలుతురు వచ్చుటకును పొగ పోవుటకును గవాక్షి, ధాన్యమునకు గరిసె, నేలలో పాతర, వెనుక దొడ్డి ఉండును.

ఇందు ఏదియు అలంకారమునకై పుట్టినది కాదు. దళసరి గోడ పగటి ఎండను మెల్లగా లోగొని, రాత్రి మెల్లగా విడుచును. కావున వేసవి మధ్యాహ్నమున నట్టిల్లు చల్లగా నుండును. వేడిగాలి తేలిక గనుక మండువాగుండ పైకి పోవును. దాని చోటునకు పంచల నీడనున్న చల్లగాలి వచ్చును. వానాకాలమున ఆ మండువాయే నాలుగు చూరుల నీటిని ఒక చోటికి చేర్చును. తిన్నె ఇంటిదియు వీధిదియు గూడ. బాటసారి అడుగకయే దానిపై కూర్చుండవచ్చును. విద్యుచ్ఛక్తి లేని కాలమున ఇంటిని చల్లబరచిన ఈ ఉపాయములను నేడు వాస్తుశిల్ప కళాశాలలలో శాస్త్రముగా బోధించుచున్నారు.

2. పాడగుటకు కారణములు

పాతయిల్లు ముసలితనమువలన కూలుట అరుదు. మనుష్యులు లేకపోవుటవలన కూలును. దీనికి కారణము స్పష్టము. వంటపొయ్యి పొగ పైకప్పు కొయ్యను పొడిగా నుంచి, పురుగును దరిచేరనీయదు. వారము వారము నేల నలుకు ఇల్లాలి కంటికి చిన్న బీటయైనను కనబడును. వానలకు ముందు మిద్దెపై మన్ను వేయువానికి కారుచోటు తెలియును. తాళము పడిన యింట ఈ మూడును నిలిచిపోవును. చెదలు దూలమునకు ఎక్కును. ఒక పెంకు జారినచోట నీరు దిగి మట్టిగోడను కరగించును. పక్షి విడిచిన గింజనుండి మొలిచిన రావిమొక్క గోడను చీల్చును.

తాళము పడుటకును కారణములు గలవు. అన్నదమ్ముల పంపకములలో ఒక మండువా నాలుగు పాళ్లగును. చదువులకును ఉద్యోగములకును పిల్లలు పట్టణములకు పోవుదురు. జమీందారుల పెద్ద లోగిళ్ల విషయమున మరియొకటి జరిగెను. 1948వ సంవత్సరపు మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో వారికి శిస్తు రాబడి ఆగిపోయెను. రైతునకు అది న్యాయమే. కాని ఆ రాబడితో సున్నము కొట్టించుకొనుచుండిన గోడలకు అది ఆగిపోయిన నాటినుండియే క్షయము మొదలయ్యెను.

మంచిమనసుతో చేసిన మరమ్మతుకూడ ఇంటిని చెరుపవచ్చును. మట్టిగోడయు సున్నపుగోడయు నేలలోని తేమను పీల్చి గాలికి విడుచుచుండును. దానిపై సిమెంటు పూసినచో ఆ తేమ బయటికి పోలేక లోననే నిలిచి గోడను పొడిచేయును. పైపూత గట్టిగానే కనబడును. లోపల గోడ రాలిపోవుచుండును. కావున బెల్లపునీరు, కరక్కాయ నానబెట్టిన నీరు కలిపి గానుగలో నూరిన సున్నమునే వాడవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. దానికి కాలము పట్టును. దానిని ఎరిగిన మేస్త్రీలును నేడు కొలదిమందియే.

3. ఆనెగొంది నిదర్శనము

బర్గూరునకు సమీపముననున్న జగదేవి గ్రామమును మనమందరము ఎరుగుదుము. ఆ పేరు జగదేవరాయని పేరు. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిమ్మట ఆరవీటి వంశపు రాజులు పెనుగొండనుండి పాలించిరి. ఆ పెనుగొండను శత్రువులనుండి కాపాడిన జగదేవరాయనికి బారామహలు సీమ లభించెనని చరిత్రకారులు వ్రాయుదురు. బారామహలు పండ్రెండు దుర్గములలో జగదేవి దుర్గమొకటి. ఇట్లు మన సీమ చరిత్ర పెనుగొండ మీదుగా తుంగభద్రాతీరమునకు పోవుచున్నది. కావున ఆ తీరమున పాతయిండ్ల విషయమున జరుగుచున్న పనిని తెలిసికొనుట మనకు తగును.

హంపికి ఎదురుగా, తుంగభద్ర ఉత్తరపుటొడ్డున, ఆనెగొంది యను గ్రామము గలదు. విజయనగరమునకు పూర్వమే ప్రసిద్ధికెక్కిన స్థలమిది. విజయనగర రాజవంశమునకు చెందినవారమని చెప్పుకొను రాజకుటుంబము నేటికిని ఆ యూరి పేరుతోనే పిలువబడుచున్నది. 1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడెను. నదికి ఆవలనున్న దేవాలయములను చూచుటకు లోకమంతయు వచ్చెను. ఈవలి పల్లెయిండ్లు మాత్రము ఒకటొకటిగ పాడగుచుండెను.

1997లో అచట కిష్కింధ ట్రస్టు అను సంస్థ ఏర్పడెను. దాని కార్యక్రమములలో పాత గ్రామగృహములను పడగొట్టక బాగుచేయుట యొకటి. అట్లు నిలిచిన యింట నేడు బాటసారులు బసచేయుచున్నారు. దానికి పెట్టిన పేరు ‘ఊరమ్మ’. కన్నడమునను తెలుగునను ఒకటే యర్థమిచ్చు చక్కని పేరు. సంస్థవారు ఇంటితో ఆగలేదు. నదీతీరపు తోటలలో గెల కోసిన పిదప వృథాగా పోవు అరటిబోదెలనుండి నారతీసి సంచులు, చాపలు మొదలగునవి అల్లుటను గ్రామస్త్రీలకు నేర్పిరి. ఇల్లొక్కటి నిలిచి, దాని చుట్టును పని లేక ఊరు ఖాళీయైనచో ఆ యిల్లు బొమ్మయింటితో సమానమని వారు గుర్తించిరి. ఇది మనము గమనింపదగిన మొదటి విషయము.

4. చెట్టినాడును, విదేశములును

మన రాష్ట్రముననే శివగంగ, పుదుక్కోట జిల్లాలలో చెట్టినాడు గలదు. బర్మా, మలయా, సింహళ దేశములలో వర్తకము చేసిన నాట్టుకోట్టై చెట్టియార్లు బర్మా టేకుతోను, కోడిగ్రుడ్డు సొన కలిపిన సున్నపుపూతతోను కట్టిన మహాగృహములకు ఆ సీమ ప్రసిద్ధము. రెండవ ప్రపంచ యుద్ధకాలమునను ఆ తరువాతను బర్మాలోని ఆస్తులు చేజారగా, ఆ యిండ్లనేకము మూతపడెను. కొన్నిటిని విడదీసి, కంబములను తలుపులను అమ్మిరి. మిగిలినవానిలో కొన్ని నేడు అతిథిగృహములైనవి. కానాడుకాత్తానులో ఒక తండ్రి తన కుమార్తెకై కట్టించిన ఇల్లు ‘విశాలం’ అను పేర అట్లు నిలిచినది. ఆత్తంగుడిలో చేతితో పోసిన రంగుపలకలకు మరల గిరాకీ కలిగినది. ఇల్లు బ్రదికినచో పనివాని విద్యయు బ్రదుకుననుట ఇందువలన తెలియుచున్నది. ఇది రెండవ విషయము.

ఈ ఆలోచనకు ఇంగ్లండు దేశమున ప్రాచీన చరిత్ర గలదు. 1877లో విలియం మారిస్ అను కవి, శిల్పకళాభిమాని, ప్రాచీన భవన రక్షణకై ఒక సంఘమును స్థాపించెను. పాతదానిని క్రొత్తగా కనబడునట్లు మార్చుట రక్షణము కాదనియు, దినదినము చేయు చిన్న మరమ్మతే రక్షణమనియు ఆయన బోధించెను. 1965లో ఏర్పడిన లాండ్‌మార్క్ ట్రస్టు అను సంస్థ శిథిలమగుచున్న పల్లెయిండ్లను, బురుజులను తీసికొని బాగుచేసి బసకు ఇచ్చును. బసచేయువారి రుసుమే వాని పోషణమునకు తోడ్పడును. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున రడ్యార్డ్ కిప్లింగు 1893లో కట్టించుకొనిన యిల్లు గలదు. దాని పేరు ‘నౌలాఖా’, అనగా తొమ్మిది లక్షలు. మన దేశపు అడవులను వర్ణించిన ‘జంగిల్ బుక్’ కథలను ఆయన వ్రాసినది ఆ దేశమున నున్న కాలముననే. ఆ యింటను నేడు ఎవరైనను రుసుమిచ్చి బసచేయవచ్చును.

5. అతిథి ధర్మము

అట్టి యింట బసచేయువాడు సత్రమున దిగినవానివలె ప్రవర్తింపరాదు. ఆ యిల్లు తన యలవాటులకు అనుగుణముగ మారవలెనని కోరుటకంటె, తానే ఇంటికి అనుగుణముగ నుండుట మేలు. గడప తక్కువయెత్తున నున్నచో తల వంచవలెను. ఎండవేళ తలుపులు మూసి, చల్లవేళ తెరచుట ఆ యింటి పద్ధతియైనచో దానినే పాటింపవలెను. గోడకు మేకులు కొట్టరాదు. నీటిని మితముగా వాడవలెను. ఆ యూరి బావియు ఊరివారిదే. వండినవారి పేరును, వంటకము పేరును అడిగి తెలిసికొనవలెను. ఒక రాత్రి అట్లు గడిపినవాడు చరిత్రగ్రంథమున దొరకని సంగతులను తెలిసికొనును. ఏ జామున మండువాలో వెన్నెల పడునో, వానచినుకు నాటుపెంకుపై ఎట్లు మ్రోగునో అందు వసించినవానికే తెలియును.

6. ఒక యాక్షేపణ

“ధనవంతుల వినోదమునకై పేదపల్లెను బొమ్మగా నిలుపుటయే గదా ఇది?” అని కొందరు ఆక్షేపింతురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. రుసుము మిక్కిలి హెచ్చగుటచే ఇంటిని కట్టిన పల్లెవారే దానిలో అడుగిడలేని స్థితి కొన్నిచోట్ల గలదు. పైకి పాతదిగా తోచునట్లు క్రొత్త సిమెంటు కట్టడమునకు రంగుపూసి ప్రాచీన గృహమని చెప్పుటయు గలదు. కావున ప్రతియింటిని గూర్చి మూడు ప్రశ్నలు అడుగవలెను. తన సహజ ద్రవ్యములతో బాగుచేయబడినదా? ఆ యూరివారికి పని కలిగినదా? ఆ యూరి బాలురు దానిలో అడుగిడగలుగుదురా? మూడింటికిని ఔనన్న జవాబు వచ్చినచో అది రక్షణము. లేనిచో వర్తకము.

బస యొక్కటే మార్గమునుగాదు. హోసూరునకు సమీపమున తొరపల్లిలో 1878లో రాజాజీ జన్మించిన యిల్లు స్మారకముగా కాపాడబడుచున్నది. అచట ఎవరును నిద్రింపరు. ఎవరైనను పోయి చూడవచ్చును. స్వతంత్ర భారతమున గవర్నరు జనరలైన మహనీయుడు ఎంత సామాన్యమైన పల్లెయింట పుట్టెనో చూచిన విద్యార్థికి వేరు పాఠము చెప్పనక్కరలేదు.

7. మనము చేయదగినది

మన పల్లెలలో రాజభవనములు లేవు. ఉన్నవి మిద్దెలును, పెంకుటిండ్లును. వానిని అతిథిగృహములుగా మార్చు ధనము మనకు లేకపోవచ్చును. కాని వానితోపాటు పోవుచున్న మరియొక సొత్తు గలదు. దానిని కాపాడుటకు ధనము అక్కరలేదు. దంతె, గవాక్షి, గరిసె, పాతర అను మాటలు మన తాతముత్తవల నోట సహజముగా వచ్చుచున్నవి. కాంక్రీటు కప్పునకు దంతె లేదు. విద్యుద్దీపమునకు గూడు అక్కరలేదు. వస్తువు పోయిన తరువాత మాట ఒక తరముపాటు నిలుచును. ఆపై మరపునకు వచ్చును. మన తిన్నెను తమిళులు తిణ్ణై యనియు కన్నడిగులు జగలి యనియు అందురు. మూడు భాషలవారును ఒకే తిన్నెపై కూర్చుండి మాటలాడుకొనిన సీమ మనది. ఆ తిన్నెలను రోడ్ల విస్తరణమునకును, వాహనములను నిలుపుటకును కొట్టివేయుచున్నారు.

కావున విద్యార్థులారా, మీ యూర పాతయిల్లున్నచో అది కూలకమునుపే దాని పటము గీయుడు. ఏ భాగమునకు ఏ పేరో పెద్దలనడిగి పటమున వ్రాయుడు. వారు చెప్పినమాట గ్రంథములలోని మాటకు భిన్నమైనను దిద్దకుడు. అదియే మన సీమ తెలుగు. పూర్వులు రాతితోను మంటితోను కట్టినదానిని నిలుపుట అందరికిని సాధ్యము కాకపోవచ్చును. అది ఎట్లుండెనో తెలిసికొని, తరువాతివారికి తెలుపుట ప్రతివిద్యార్థికిని సాధ్యమే.

అభ్యాసము

1. తాళము పడిన యిల్లు త్వరగా పాడగుటకు మూడు కారణములు వ్రాయుడు.
2. మట్టిగోడపై సిమెంటు పూయరాదనుటకు హేతువేమి?
3. జగదేవి గ్రామమునకును పెనుగొండకును గల సంబంధమును వివరింపుడు.
4. ఆనెగొందిలో ఇంటితోపాటు అరటినార పనిని గూడ చేపట్టుటయందలి ఔచిత్యమేమి?
5. మీ యింటనో, మీ తాతగారి యింటనో కనబడు పది భాగముల పేర్లను పెద్దలనడిగి వ్రాయుడు. వానిలో మీకు మునుపు తెలియనివెన్ని?