దిక్కులేనివారికి ఇల్లయిన తల్లి: పండిత రమాబాయి జీవితము నుండి పాఠములు



దిక్కులేనివారికి అన్నం పెట్టడం మన సంఘ కుటుంబాలకు కొత్త కాదు. క్రిస్మస్ దినాల్లో దుప్పట్లు పంచుతాము, పండుగనాడు పొట్లాలు కట్టి బస్టాండు దగ్గర ఇస్తాము. ఇది మంచిదే. కానీ ఆ పొట్లం తిన్న మనిషి మరునాడు ఏమి తింటాడు? అతని కాలిమీది పుండుకు కట్టు ఎవరు కడతారు? ఈ ప్రశ్నకు తన జీవితమంతా జవాబుగా ఇచ్చిన ఒక స్త్రీని గూర్చి ఈ నెల నేర్చుకుందాము.

ఆకలి ఆమెకు తెలుసు

రమాబాయి గారు 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమల అడవుల్లోని గంగామూల దగ్గర జన్మించారు. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు చదువు కూడదని లోకమంతా అంటున్న రోజుల్లో ఆయన భార్యకు సంస్కృతం నేర్పారు. ఆ తల్లి తన కుమార్తెకు నేర్పింది. కుటుంబమంతా దేశం తిరుగుతూ, పుణ్యక్షేత్రాల్లో పురాణం చదివి, భక్తులిచ్చిన దానితో బ్రతికేవారు.

1870లలో దక్షిణ దేశంలో కరువు వచ్చింది. పురాణం వినేవారు లేరు, ఇచ్చేవారు లేరు. చేతిపని ఏదీ నేర్వనందున కూలి చేసి బ్రతికే దారి కూడా ఆ కుటుంబానికి లేకపోయింది. కొద్ది కాలంలోనే తండ్రి, తల్లి, అక్క ఒకరి తరువాత ఒకరు చనిపోయారు. రమాబాయి, అన్న శ్రీనివాసులు మిగిలి, కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె పాండిత్యానికి ఆశ్చర్యపడి ‘పండిత’, ‘సరస్వతి’ అను బిరుదులిచ్చారు.

1880లో అన్న చనిపోయాడు. అదే సంవత్సరం ఆమె బిపిన్ బిహారీ మేధావి అను వకీలును కులాంతర వివాహం చేసుకున్నారు. మనోరమ పుట్టింది. 1882లో భర్త కలరాతో చనిపోయాడు. ఇరవై నాలుగేండ్లు నిండకముందే ఆమె విధవరాలు, చంటిబిడ్డ తల్లి.

డాక్టరు కాలేకపోయినా

1882లో విద్యను గూర్చిన హంటర్ కమిషన్ ముందు ఆమె సాక్ష్యమిచ్చారు. మన స్త్రీలు మగ డాక్టరుకు తమ బాధ చెప్పుకోలేక చనిపోతున్నారనీ, స్త్రీ వైద్యులు కావాలనీ అడిగారు. తానే వైద్యం చదవాలని 1883లో ఇంగ్లాండు వెళ్లారు. కానీ వినికిడి లోపం వలన ఆ కోరిక తీరలేదు.

అక్కడ వాంటేజ్ అనే ఊరి సిస్టర్ల దగ్గర ఉన్నప్పుడు, లోకం వెలివేసిన స్త్రీలను వారు ప్రేమతో చేరదీసి మంచి జీవితంలోనికి నడిపించుట చూచారు. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ ఆమెకు వినిపించారు. అది ఆమె హృదయాన్ని తాకింది. 1883 సెప్టెంబరు 29న ఆమె, చిన్న మనోరమ బాప్తిస్మము పొందారు. సిద్ధాంతం కంటే ముందు ఆమె చూచినది పరిచర్య. దీనిని మనం మరువరాదు.

ముక్తి సదనం

1889 మార్చి 11న బొంబాయిలో విధవరాండ్ర కోసం శారదా సదన్ ప్రారంభించి, మరుసటి సంవత్సరం పుణెకు మార్చారు. 1893లో మతం విషయమై వివాదం లేచి, అనేక కుటుంబాలు తమ ఆడపిల్లలను తీసుకొని వెళ్లిపోయాయి. ఆమె పని ఆపలేదు. పుణెకు దూరంగా కేడ్‌గావ్‌లో సుమారు నూరెకరాల భూమి కొన్నారు.

1896–97లో మధ్య పరగణాల్లో ఘోరమైన కరువు. దాదాపు ఇరవై ఏండ్ల క్రితం తాను పడిన ఆకలి ఆమెకు గుర్తుంది. తానే అక్కడికి వెళ్లి, ఎముకల గూళ్లయిన బాలికలను, విధవరాండ్రను వెంట తెచ్చారు. సుమారు మూడు వందల మందిని తన దగ్గరే ఉంచుకున్నారు. అప్పుడే పుణెలో ప్లేగు. పట్టణంలోనికి కొత్తవారిని చేర్చకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. ఆమె వారిని కేడ్‌గావ్ పొలానికి తీసుకొని వెళ్లి, ఉన్న నీడలోనే ఉంచి, మెల్లగా ఇండ్లు కట్టించారు. అదే ముక్తి సదనం. 1900 నాటి గుజరాత్ కరువు తరువాత అక్కడ ఇంచుమించు రెండు వేల మంది నివసించారు.

అక్కడ అన్నంతో పని ముగియలేదు. బావులు త్రవ్వించారు. చదువు చెప్పారు. వ్యవసాయం, నేత, కుట్టుపని, పాడి, ముద్రణ నేర్పారు. అంధులకు బ్రెయిలీ నేర్పారు. చెడిపోయినవారని లోకం తోసివేసిన స్త్రీలకు వేరుగా గృహం ఉంచారు. చేతిపని లేక తన కుటుంబం ఎలా నశించిందో ఆమె చూచారు గనుకనే, తన దగ్గరకు వచ్చినవారెవరూ వట్టి చేతులతో బయటకు పోరాదని కోరుకున్నారు.

1921లో మనోరమ, తల్లికి కుడిభుజమైన బిడ్డ, చనిపోయింది. ఆ దుఃఖంలోనూ ఆమె మరాఠీ బైబిలు అనువాదమును పూర్తి చేసి, 1922 ఏప్రిల్ 5న ప్రభువునందు నిద్రించారు. ముక్తి మిషన్ నేటికీ పని చేస్తున్నది.

మనము నేర్చుకొనవలసినది

మంచి సమరయుని కథలో ముందు గాయాలకు కట్టు, తరువాత సత్రం, ఆ తరువాత ఖర్చుకు డబ్బు, తిరిగి వస్తానన్న మాట ఉన్నాయి. రమాబాయి గారు చేసినదీ అదే వరుస. మన వీధిలో నిరాశ్రయుడు పడి ఉంటే మనం ఇలా చేయవచ్చు.

1. పలకరించి చూడండి. స్పృహ లేకపోయినా, ఆయాసపడుతున్నా, జ్వరంతో కాలిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు గానీ అన్నం గానీ పెట్టకండి, పొరబోయి ఊపిరాడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

2. చాలా రోజులు పస్తులున్నవారికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకండి. అలా పెడితే రక్తంలోని ఫాస్ఫేటు, పొటాషియం వంటి లవణాలు పడిపోయి గుండెకే ప్రమాదం రావచ్చు. పలుచని గంజి కొద్దికొద్దిగా తాగించి ఆసుపత్రికి తీసుకొని రండి. మిగతా ఆహారం డాక్టరు చెప్పినట్లు మెల్లగా పెంచాలి.

3. పుండ్లను శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పండి. పసరు, కిరోసిన్ పోయకండి. స్పర్శ తెలియని మచ్చలు, పాదాల మీద మానని పుండ్లు ఉంటే కుష్ఠు గానీ షుగరు గానీ కావచ్చు. రెండింటికీ మందులున్నాయి.

4. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం.

5. తనలో తాను మాట్లాడుకుంటూ తిరిగేవారిని పిచ్చివారని తరమకండి, కట్టివేయకండి. అది జబ్బు, దానికి వైద్యముంది. అటువంటివారిని కాపాడి వైద్యానికి చేర్చే బాధ్యత 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం పోలీసులకు అప్పగించింది.

6. పిల్లలైతే 1098, స్త్రీలైతే 181, వృద్ధులైతే 14567 నంబరుకు చెప్పండి.

“కేసు మన మీదికి వస్తుందేమో” అని చాలామంది పక్కకు తప్పుకొని పోతారు. రోడ్డు ప్రమాదంలో పడినవారికి మంచి మనసుతో సహాయం చేసినవారిని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కాపాడుతున్నది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. కనుక ఆ భయంతో ఒక ప్రాణాన్ని విడిచి వెళ్లవద్దు.

చివరిగా ఒక మాట. సహాయం చేసేటప్పుడు వారి పేరు అడగండి. ఫోటో తీయకండి. పుండుతో, చిరిగిన బట్టతో ఉన్న మనిషికి కూడా పరువుంటుంది.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు

1. రమాబాయి గారు కోరుకున్న వైద్య వృత్తి దొరకలేదు. మనకు మూసుకుపోయిన ద్వారం ప్రక్కన తెరచి ఉన్న ద్వారమేది?

2. మన వీధిలో ప్రతిదినం చూస్తూ పేరు కూడా తెలియని మనిషి ఎవరైనా ఉన్నారా? ఈ వారం వారి కోసం మనమేమి చేయగలము?

3. మన ఇంటిలో ఎవరికి వచ్చిన పని, కుట్టుపని గానీ వంట గానీ చదువు గానీ, మరొకరికి నేర్పగలము?

నూరెకరాలు మనకు అవసరం లేదు. ఒక్క మనిషిని ఆసుపత్రి వరకు తీసుకొని వచ్చి, వారం తరువాత ఎలా ఉన్నారని చూడ్డానికి మళ్లీ వస్తే చాలు. ప్రభువు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక.