రిబ్బను పువ్వుల క్లిప్పులు

జడకు అలంకారము మన స్త్రీలకు క్రొత్త కాదు. జడబిళ్ల, నాగరము, జడకుప్పెలు పూర్వమునుండి యున్నవే. బడికి పోవు బాలికల రెండు జడలపై రిబ్బను పువ్వులు నేటికిని కనబడును. ఆ పువ్వునే చిన్న ఇనుప క్లిప్పునకు కుట్టినచో ప్రతి ఉదయము ముడివేయు శ్రమ తల్లికి తప్పును. 1982-83లో ఆరంభమైన డ్వాక్రా పథకము నాటినుండి సంఘములుగా కూడిన స్త్రీలు ఇంటిపట్టున చేయదగిన పనులలో ఇదియు నొకటి. పెట్టుబడి స్వల్పము, చేతిపనితనమే ప్రధానము.

మొదట రిబ్బనును పరీక్షింపవలెను. నేడు బజారులో దొరకు శాటిన్ రిబ్బనులలో పెక్కు పాలియెస్టరువి. దాని అంచును క్రొవ్వొత్తి మంట ప్రక్కకు క్షణకాలము చూపినచో పోగు కరగి బిగిసికొనును, పీచు రేగదు. మంట కొనపై పెట్టినచో మసి పట్టును. నూలు, పట్టు రిబ్బనులు కరగవు, కాలిపోవును. వాని అంచులను మడిచి కుట్టవలసినదే. ఈ పని చేయునపుడు పైటకొంగు దోపుకొని, పిల్లలను దూరముగా నుంచవలెను.

25 మిల్లీమీటర్ల వెడల్పు గల రిబ్బనును 22 సెంటీమీటర్లు ఒకటి, 17 సెంటీమీటర్లు ఒకటి కత్తిరింపుడు. ఒక్కొక్క ముక్క కొసలను ఒక సెంటీమీటరు మేర ఒకదానిపై నొకటి చేర్చి చుట్టగా కుట్టి, చదునుచేసి, పెద్దదానిపై చిన్నదానిని పెట్టి, నడుమ దారముతో బిగించినచో పువ్వు తయారగును. నడుమ సన్నని రిబ్బను ముక్క చుట్టవచ్చును. ఏటికొప్పాక లక్కపూస యొకటి కుట్టిన మరింత శోభించును. కాని మూడేండ్లలోపు శిశువుల క్లిప్పునకు పూస వలదు. ఊడినచో నోట పెట్టుకొందురు.

విశాఖపట్టణమువంటి సముద్రతీరమున నొక చిక్కు కలదు. ఉక్కుకు పేరుగాంచిన ఊరైనను ఉప్పుగాలి ఇనుమును తినక మానదు. త్రుప్పు మరక రిబ్బనుకు, జుట్టుకు కూడ అంటును. అందువలన క్లిప్పు పైరేకును సన్నని రిబ్బనుతో సంపూర్ణముగా కప్పి, సరకును మూతగల డబ్బాలో భద్రపరుపవలెను. పువ్వును జిగురుతో మాత్రమే అంటించుట నాకు సమ్మతము కాదు. నున్నని లోహముపై జిగురు వేసవి వేడికి వదలును. ఆ కప్పిన రిబ్బనుకే నాలుగు కుట్లు వేయుట మేలు. కొబ్బరినూనె మరక లేతరంగులపై త్వరగా కనబడునని గూడ గమనింపుడు.

ఇక లెక్క. పువ్వు ఒకింటికి 39 సెంటీమీటర్లు. పది మీటర్ల చుట్టకు 25 పువ్వులు, అనగా పండ్రెండు జతలు వచ్చి, దుకాణదారునికి మాదిరి చూపుటకు ఒకటి మిగులును. రిబ్బను, క్లిప్పులు, దారము, క్రొవ్వొత్తి వెల కట్టి ఊరకుందురు మన స్త్రీలు. చెడిపోయిన ముక్కల వెల, బస్సు చార్జీ, అన్నిటికంటె ముఖ్యముగా తమ కూలి చేర్చరు. గడియారము ముందుంచుకొని గంటకు ఎన్ని జతలగునో చూచి, ఆ గంట కూలిని జతలకు పంచవలెను. అట్లు వచ్చిన వెలకు తక్కువగా అడుగు వర్తకునికి సరకు ఇచ్చుట తన శ్రమను ఉచితముగా ధారపోయుటయే. అరువిచ్చినచో తేదీతో సహా పుస్తకమున వ్రాయించుకొనుడు.

అనకాపల్లి నూకాలమ్మ జాతర కొత్త అమావాస్యకు వచ్చును. రంగురంగుల జతలకు అది అదను. జూన్ మాసమున బడులు తెరచుటకు పూర్వమే, ఏ రంగు రిబ్బను ధరింపవలెనో ఆ బడిలోనే విచారించి, ఆ రంగు చుట్టలు కొనుట మంచిది.