నిరీక్షణ రోజుల్లో దేశదర్శనం

దత్తతను గురించిన చర్చ సాధారణంగా చట్టం, ఖర్చు, శిశువు ఆరోగ్యం అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది; బిడ్డ చేతికి అందేలోగా దంపతులు పరాయి దేశంలో యాత్రికులుగా గడపవలసివచ్చే కొద్ది రోజులు వారి వ్యక్తిత్వాన్ని ఎలా మలుస్తాయన్న విషయం మాత్రం అంతగా ఎవరి దృష్టికీ రాదు. దీన్ని పరిశీలించడానికి చైనా అనుభవం బాగా ఉపకరిస్తుంది. అక్కడ దత్తత చట్టం 1992 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది మొదలు, సమీప బంధువుల విషయంలో తప్ప విదేశీ దత్తతలను ప్రభుత్వం 2024లో నిలిపివేసేవరకు, సుమారు 1,60,000 మంది పిల్లలు ఇతర దేశాల ఇళ్లకు చేరగా, వారిలో సగం మంది వరకు అమెరికాకే వెళ్లారు.

అమెరికన్ దంపతులు తమ వివాహం, ఆదాయం, ఆరోగ్యం, నడవడిలకు సంబంధించిన పత్రాల కట్టను, అంటే వారి మాటల్లో 'డోసియర్'ను, బీజింగ్‌లోని కేంద్ర సంస్థకు పంపేవారు. అది అక్కడ నమోదైన రోజును 'లాగిన్ డేట్' అనీ, ఫలానా బిడ్డను ఇస్తామన్న ప్రతిపాదనను 'రిఫరల్' అనీ వ్యవహరించేవారు. ఆరోగ్యవంతులైన శిశువుల విషయంలో ఈ రెంటి మధ్య గడువు మొదట్లో ఏడాది అటూ ఇటూగా ఉండగా, 2006 చివర్లో నమోదైన వారికి అయిదేళ్లు దాటింది. ప్రయాణానికి అనుమతి వచ్చాక సుమారు రెండు వారాల కార్యక్రమం ఉండేది: చాలామంది మొదట బీజింగ్‌లో కొద్ది రోజులు ఆగి, తరువాత బిడ్డ పుట్టిన రాష్ట్రపు రాజధానికి, అంటే హునాన్ అయితే చాంగ్‌షాకు, జియాంగ్సీ అయితే నాన్‌చాంగ్‌కు వెళ్లి, చివరకు వీసా కోసం గ్వాంగ్‌జౌ చేరేవారు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనిషి, ఇంకో మూడు రోజుల్లో బిడ్డను చూడబోతూ, ముతియాన్యూ వద్ద మహాకుడ్యం మెట్లెక్కడం, 1420లో పూర్తయిన రాజప్రాసాద ప్రాంగణాల్లో తిరగడం ఈ ఏర్పాటులో ఒక భాగం.

ఇది కాలక్షేపమేనా అన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రం ఆసక్తికరమైన సమాధానం ఇస్తుంది. మనస్తత్వవేత్త ఎల్సే ఫ్రెంకెల్-బ్రున్స్విక్ 1949లోనే, అస్పష్టతను భరించలేకపోవడం వ్యక్తిత్వంలో ఒక లక్షణమని, అటువంటివారు ఏదో ఒక తీర్మానానికి తొందరపడతారని ప్రతిపాదించారు. ఇటీవలి కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన కేట్ స్వీనీ, న్యాయవాద పరీక్ష రాసి నాలుగు నెలలపాటు ఫలితం కోసం ఎదురుచూసే పట్టభద్రులను పరిశీలించి, ఆందోళనను అణచుకోవడానికి వారు చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదని, పైగా ఆ కాలమంతా మథనపడినవారే మంచి వార్తను ఎక్కువ ఆనందంతోను, చెడ్డ వార్తను ఎక్కువ సన్నద్ధతతోను స్వీకరించారని గమనించారు. నిరీక్షణ సుఖంగా సాగడం వేరు, ఫలితానికి మనిషి సిద్ధపడటం వేరు అన్నమాట. అయితే ఆమె బృందపు తరువాతి పరిశోధనలో, తన్మయ స్థితి, అంటే చేస్తున్న పనిలో లీనమై కాలస్పృహ కోల్పోయే స్థితి, నిరీక్షణను కొంత తేలిక చేస్తుందని కూడా తేలింది. కాబట్టి మహాకుడ్యం ఎక్కడంలో తప్పులేదు. ఎక్కుతూ అయిదు నిమిషాలకొకసారి ఫోను చూసుకునేవారికి దానివల్ల కలిగే లాభమూ లేదు.

కాని ఈ యాత్రలోని అసలు విలువ మనశ్శాంతి కంటే లోతైనది. భాష తెలియక, బోర్డు చదవలేక, పళ్లెంలో ఉన్నదేమిటో అడగలేక, చుట్టూ ఉన్నవారు తననే వింతగా చూస్తుండగా, పెద్దవయసులో మొదటిసారి మనిషి నిస్సహాయుడవుతాడు. సరిగ్గా ఇదే స్థితి మరికొద్ది రోజుల్లో ఆ బిడ్డకు కలగబోతున్నది. తేడా ఏమిటంటే పెద్దల చేతిలో తిరుగు టికెట్టు ఉంది, బిడ్డకు అదీ లేదు. తెలిసిన గంజి రుచి, ఆయా ఒంటి వాసన, చెవికి అలవాటైన యాస ఒక్క పూటలో మాయమైనప్పుడు చాలామంది పిల్లలు ఏడ్చారు, కొందరు తిండి మానేశారు, మరికొందరు బొమ్మల్లా బిగుసుకుపోయారు. బీజింగ్ వీధిలో దారి తప్పి గాభరాపడిన తల్లి ఆ మౌనాన్ని మొండితనంగా పొరబడే అవకాశం తక్కువ.

ఈ పాఠాన్ని తప్పించుకునే వసతులూ ఉండేవి. గ్వాంగ్‌జౌలోని షామియాన్ ద్వీపంలో 1983లో ప్రారంభమైన వైట్ స్వాన్ హోటల్, చాలాకాలం అమెరికా కాన్సులేట్‌కు పక్కనే ఉండటంవల్ల, దత్తత కుటుంబాల విడిదిగా ప్రసిద్ధి చెందింది. పిల్లలకు పట్టుబట్టలు తొడిగి ఎర్ర సోఫా మీద వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం అక్కడ ఆనవాయితీ అయింది. ఆ ఫొటోను ఆక్షేపించవలసిన పనిలేదు. కాని చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న పట్టుగౌనే బిడ్డకు మిగిలే చైనా అయితే, ఆ పదిహేను రోజులూ వృథా అయినట్లే.

ఏ దర్శనీయ స్థలాల పట్టికలోనూ లేని చోటు ఒకటుంది. కన్నవారు వదిలివెళ్లిన శిశువు ఎక్కడ దొరికిందో, అది వంతెన కావచ్చు, సంత కావచ్చు, అనాథాశ్రమం గేటు కావచ్చు, ఆ చోటును చూపించమని కొన్ని కుటుంబాలు పట్టుబట్టాయి. హునాన్‌లోని హెంగ్యాంగ్ ప్రాంతంలో కొన్ని ఆశ్రమాలు డబ్బిచ్చి శిశువులను తెచ్చుకున్నాయని 2005లో బయటపడిన తరువాత, రికార్డుల్లో రాసిన చోటు నిజమైనదేనా అన్న అనుమానం చాలామందిని వెంటాడింది. అయినా ఆ వీధి ఎలా ఉందో కళ్లారా చూసిన తల్లిదండ్రులు, పదేళ్ల తరువాత కూతురు అడిగినప్పుడు, తెలిసినంతవరకు చెప్పి తెలియనిది తెలియదనగలుగుతారు. రాజప్రాసాదం వివరాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, ఇవి మాత్రం దొరకవు.

2024 నిర్ణయంతో, బిడ్డ ఎవరో ఖరారై కోవిడ్ కారణంగా ప్రయాణం ఆగిపోయిన వందలాది కుటుంబాల నిరీక్షణ ఫలితం లేకుండా ముగిసింది. వారి దుఃఖానికి వ్యక్తిత్వ వికాస సూత్రాల్లో ఓదార్పు వెతకడం అమర్యాద అవుతుంది.

తెలుగు దంపతులకు ఈ అనుభవం దూరమైనదేమీ కాదు. మన దేశంలో దత్తతను పర్యవేక్షించే కేంద్ర సంస్థ 'కారా'. దాని ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ ద్వారా ఎదురుచూస్తున్నవారికి తమ భాష మాట్లాడని రాష్ట్రం నుంచి కూడా బిడ్డ రావచ్చు. ప్రవాస భారతీయులకు ఇక్కడివారితో సమానంగా ప్రాధాన్యం ఉంది గనుక, డల్లాస్‌లో స్థిరపడిన తెలుగు జంట ఒడిశా బిడ్డ కోసం భువనేశ్వర్‌లో దిగి పూరీ, కోణార్క్‌లు కూడా చూసి రావాలనుకోవడం సహజమే. జగన్నాథుని దర్శనం చేసుకోవచ్చు; కాని ఆ వరుసలో నిలబడే గంటల్లో నీళ్లు, అన్నం, నిద్ర, నొప్పి, రా అనే మాటలు ఒడియాలో నేర్చుకోవడం, ఆశ్రమంలోని ఆయాను కలిసినప్పుడు బిడ్డను ఏ ముద్దుపేరుతో పిలుస్తారో, ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో, మన చద్దన్నానికి దగ్గరి చుట్టమైన పఖాళ తింటుందో లేదో అడిగి రాసిపెట్టుకోవడం, తిరుగు ప్రయాణానికి ముందు చేసుకోవలసిన పనులు.