పీసీలో పాత వీడియో గేమ్స్: రెట్రోఆర్చ్ సెటప్ మొదటి నుంచి చివరి దాకా

టీవీకి వైర్లు తగిలించి, క్యాసెట్ గుచ్చి మారియో, కాంట్రా ఆడిన తరం మనది కాకపోయినా, ఇంట్లో అన్నయ్యో బాబాయో ఆ కబుర్లు చెప్పే ఉంటారు. ఆ గేమ్స్ ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఆడుకోవచ్చు. గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు, ఖర్చు కూడా లేదు. అయినా మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది మధ్యలోనే వదిలేస్తారు. కారణాలు ఎక్కువగా మూడే: గేమ్ ఓపెన్ చేస్తే నల్ల స్క్రీన్ రావడం, బటన్ నొక్కిన కాసేపటికి క్యారెక్టర్ గెంతడం, కష్టపడి ఆడిన సేవ్ ఒకరోజు మాయమవడం.

ఈ మూడూ ఎక్కడి నుంచి వస్తాయో అర్థమైతే సెటప్ ఒక సాయంత్రం పని. అందుకే ఇక్కడ ఇరవై కన్సోల్స్ జోలికి వెళ్లడం లేదు. ముందు ఎన్ఈఎస్, తర్వాత ప్లేస్టేషన్ 1, అంతే. ఈ రెండూ సరిగ్గా వస్తే మిగతావి మీరే చేసుకోగలరు.

ఎమ్యులేటర్, బయోస్, రోమ్: మూడూ వేరు వేరు

ఎమ్యులేటర్ అంటే పాత కన్సోల్ హార్డ్‌వేర్ చేసే పనిని మీ పీసీలో చేసి చూపించే సాఫ్ట్‌వేర్. బయోస్ అంటే కన్సోల్ ఆన్ చేయగానే నడిచే, కంపెనీ రాసిన చిన్న ప్రోగ్రామ్. ఎన్ఈఎస్‌కి ఇది ఉండదు, ప్లేస్టేషన్‌కి ఉంటుంది. రోమ్ అంటే క్యాసెట్‌లోని గేమ్ డేటా. సీడీ గేమ్ అయితే దాన్ని డిస్క్ ఇమేజ్ అంటాం.

చట్టం దగ్గర కూడా ఈ మూడూ ఒకటి కావు. ఎమ్యులేటర్ రాయడం, వాడటం దానంతటది నేరం కాదు. ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ తయారుచేసిన కనెక్టిక్స్ మీద సోనీ వేసిన కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు కనెక్టిక్స్ వైపే తీర్పు చెప్పింది. కానీ బయోస్, గేమ్స్ మీద కాపీరైట్ ఇంకా ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం, చట్టబద్ధంగా మీ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ కాపీకి బ్యాకప్ తీసుకోవచ్చు. నెట్‌లో ఎవరో పెట్టిన కాపీ దించుకోవడం ఆ లెక్కలోకి రాదు.

ఇక్కడో మెలిక ఉంది. అటక మీదున్న "9999 ఇన్ 1" క్యాసెట్ కూడా అసలు కంపెనీ అమ్మింది కాదు, అదీ పైరసీ కాపీయే. కాబట్టి "మా ఇంట్లో క్యాసెట్ ఉందిగా" అనే మాట ఇక్కడ పనికిరాదు.

మరి ఏం ఆడాలి? ఎన్ఈఎస్ కోసం ఈ రోజుల్లోనూ కొత్త గేమ్స్ తయారవుతున్నాయి. నోవా ది స్క్విరల్ అనే గేమ్ సోర్స్ కోడ్‌తో సహా గిట్‌హబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మైక్రో మేజెస్‌ని డెవలపర్లే రోమ్ ఫైల్‌గా అమ్ముతున్నారు. మన సెటప్‌ని ముందు ఇలాంటి గేమ్‌తోనే టెస్ట్ చేద్దాం. ఫైల్ మంచిదని ముందే తెలుసు కాబట్టి, ఏదైనా తేడా వస్తే అది సెట్టింగ్స్‌లోనే ఉందని ఖాయంగా చెప్పొచ్చు.

ఫైల్ సైజ్ చూస్తే మోసం తెలిసిపోతుంది

1985 నాటి సూపర్ మారియో బ్రోస్ గేమ్ మొత్తం సైజ్ సుమారు 40 కేబీ. మీ ఫోన్‌లో ఒక్క సెల్ఫీ కూడా అంతకంటే చాలా పెద్దది. కాబట్టి మారియో పేరుతో 40 ఎంబీ ఈఎక్స్ఈ ఫైల్ వస్తే అది గేమ్ కాదు, ఇంకేదో. రోమ్ అనేది డేటా ఫైల్, దాన్ని ఎమ్యులేటరే తెరవాలి. డబుల్ క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అయ్యేదేదీ రోమ్ కాదు. యాంటీవైరస్ ఆఫ్ చేయమని చెప్పే సైట్ కనిపిస్తే ట్యాబ్ మూసేయండి.

స్టెప్ 1: రెట్రోఆర్చ్ ఇన్‌స్టాల్

రెట్రోఆర్చ్ ఉచితం, ఓపెన్ సోర్స్. అధికారిక సైట్ నుంచి లేదా స్టీమ్ నుంచి తీసుకోండి. ఇది నిజానికి ఒక్క ఎమ్యులేటర్ కాదు, చాలా ఎమ్యులేటర్లను ఒకే మెనూ కింద నడిపే ప్రోగ్రామ్. అందులోని ఒక్కో ఎమ్యులేటర్‌ని "కోర్" అంటారు.

1. ఓపెన్ చేసి లోడ్ కోర్‌లోకి వెళ్లి, డౌన్‌లోడ్ ఎ కోర్ ఎంచుకోండి.
2. లిస్ట్‌లో ఎన్ఈఎస్ కింద మెసెన్ అనే కోర్ దించుకోండి. అసలు హార్డ్‌వేర్‌ని చాలా కచ్చితంగా అనుకరించే కోర్ ఇది.
3. లోడ్ కంటెంట్‌లోకి వెళ్లి మీ గేమ్ ఫైల్ చూపించండి.

గేమ్ ప్యాడ్ లేకపోయినా పర్వాలేదు. కీబోర్డ్ మీద యారో కీలు కదలడానికి, ఎక్స్ కీ "ఏ" బటన్‌కి, జెడ్ కీ "బీ" బటన్‌కి, ఎంటర్ స్టార్ట్‌కి, కుడివైపు షిఫ్ట్ సెలెక్ట్‌కి. ఎఫ్1 నొక్కితే మెనూ వస్తుంది. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లయితే యూఎస్‌బీకి పెట్టగానే మామూలుగా అవే సెట్ అవుతాయి.

బొమ్మ అడ్డంగా సాగినట్టు కనిపిస్తే సెట్టింగ్స్‌లో వీడియో, స్కేలింగ్‌లోకి వెళ్లి యాస్పెక్ట్ రేషియోని "కోర్ ప్రొవైడెడ్" చేయండి. పాత టీవీ గీతలు కావాలంటే ఎఫ్1 మెనూలోని షేడర్స్‌లో సీఆర్‌టీ ఫోల్డర్ ఉంటుంది. వాటిలో ఈజీమోడ్ తేలికైనది కాబట్టి మామూలు ల్యాప్‌టాప్‌కి సరిపోతుంది.

"అప్పట్లో ఇంత స్పీడ్ లేదే!"

ఇంట్లో పెద్దవాళ్లకి చూపిస్తే ఈ మాట అనే అవకాశం ఉంది. అది వాళ్ల భ్రమ కాకపోవచ్చు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు సుమారు 60 సార్లు బొమ్మ మార్చేవి. గేమ్స్ కూడా ఆ లెక్కతోనే రాశారు. మన దేశంలో వాడింది పాల్ పద్ధతి, అంటే సెకనుకు 50. పాల్ టీవీల కోసం తయారైన క్లోన్ పెట్టెల్లో అదే గేమ్ దాదాపు 17 శాతం నెమ్మదిగా నడుస్తుంది, పాట కూడా సాగుతుంది.

ఆ స్పీడే కావాలంటే ఎఫ్1 మెనూలో కోర్ ఆప్షన్స్‌కి వెళ్లి, రీజియన్ దగ్గర "డెండీ" పెట్టండి. డెండీ అనేది రష్యాలో అమ్మిన ప్రసిద్ధ క్లోన్ పేరు. ఆ తరహా 50 హెర్ట్జ్ టైమింగ్‌కి అదే పేరు స్థిరపడింది. డెవలపర్లు అనుకున్న స్పీడ్ కావాలంటే "ఎన్‌టీఎస్‌సీ" పెట్టండి.

స్టెప్ 2: లేటు తగ్గించడం

పాత గేమ్స్‌లో టైమింగే ప్రాణం. సెకనుకు 60 ఫ్రేమ్స్ అంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. కంట్రోలర్, పీసీ, స్క్రీన్ తలా కొంచెం లేటు కలిపితే గోతిలో పడటం మీ తప్పు కాదు.

ముందు ఉచితమైన పనులు చేయండి. బ్లూటూత్ బదులు వైరు వాడండి. టీవీకి కనెక్ట్ చేస్తే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. ఎంత తేడా వచ్చిందో చూసుకోవడానికి 240పీ టెస్ట్ సూట్ అనే ఉచిత రోమ్‌లో లాగ్ టెస్ట్ ఉంది.

ఆ తర్వాతే రన్-అహెడ్. గేమ్ తనలో తానే తీసుకునే ఆలస్యాన్ని కూడా ఇది తగ్గిస్తుంది. ఎంత పెట్టాలో ఊహించక్కర్లేదు, కొలవొచ్చు:

1. గేమ్‌లో క్యారెక్టర్ నిలబడి ఉండగా "పీ" నొక్కి పాజ్ చేయండి.
2. జంప్ బటన్ నొక్కి పట్టుకుని "కే" కీని ఒక్కోసారి నొక్కండి. ఒక్కో నొక్కుకి ఒక్క ఫ్రేమ్ కదులుతుంది.
3. ఎన్నో ఫ్రేమ్‌లో క్యారెక్టర్ కదిలిందో చూసి, ఆ అంకెలోంచి ఒకటి తీసేయండి.
4. సెట్టింగ్స్‌లో లేటెన్సీకి వెళ్లి, రన్-అహెడ్‌లో ఆ అంకె పెట్టండి.

మూడో ఫ్రేమ్‌లో కదిలితే 2 అన్నమాట. అంతకంటే ఎక్కువ పెడితే కదలికల్లో ఫ్రేమ్స్ ఎగిరిపోయి బొమ్మ కుదుపుగా కనిపిస్తుంది. ప్రాసెసర్ మీద భారం కూడా పెరుగుతుంది.

స్టెప్ 3: ప్లేస్టేషన్ 1, నల్ల స్క్రీన్ సంగతి

సొంత డిస్క్ ఉంటే పీసీ డీవీడీ డ్రైవ్‌లో పెట్టి, ఇమ్‌గ్‌బర్న్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కాపీ తీయొచ్చు. రెండు రకాల ఫైల్స్ వస్తాయి: అసలు డేటా ఉండే బిన్, ఆ డేటాలో ఏ ట్రాక్ ఎక్కడుందో చెప్పే చిన్న క్యూ. రెట్రోఆర్చ్‌లో తెరవాల్సింది క్యూ ఫైల్‌ని. బిన్ ఫైల్ పేరు మార్చారంటే, క్యూ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి అక్కడ కూడా అదే పేరు రాయాలి. లేదంటే దారి తెలియక నల్ల స్క్రీన్ వస్తుంది.

రెండో కారణం బయోస్. బీటిల్ పీఎస్ఎక్స్ కోర్‌కి అసలు బయోస్ తప్పనిసరి. అది రెట్రోఆర్చ్‌లోని "సిస్టమ్" ఫోల్డర్‌లో, కోర్ అడిగిన పేరుతోనే ఉండాలి. సైజ్ సరిగ్గా 512 కేబీ. మీ కన్సోల్ నుంచి తీసిన బయోస్ లేకపోతే పీసీఎస్ఎక్స్ రీఆర్మ్డ్ కోర్ వాడండి. అందులో బయోస్ పనిని అనుకరించే కోడ్ ఉంది కాబట్టి విడిగా ఫైల్ అక్కర్లేదు. అయితే కొన్ని గేమ్స్ దానితో సరిగ్గా నడవవు.

స్టెప్ 4: సేవ్ కాపాడుకోవడం

సేవ్‌లు రెండు రకాలు. గేమ్ లోపలి సేవ్ "సేవ్స్" ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఎఫ్2తో మీరు చేసే సేవ్ స్టేట్ "స్టేట్స్" ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ఎఫ్4తో తిరిగి లోడ్ అవుతుంది. స్టేట్ అంటే ఆ క్షణానికి మెషీన్ మొత్తం ఫొటో లాంటిది. సౌకర్యమే, కానీ రెండు ప్రమాదాలున్నాయి. కోర్ అప్‌డేట్ అయ్యాక పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు. పాత స్టేట్ లోడ్ చేస్తే, ఆ తర్వాత గేమ్ లోపల చేసిన సేవ్ కూడా వెనక్కి పోవచ్చు. అందుకే ఆపేముందు గేమ్ లోపలే సేవ్ చేయండి. స్టేట్‌ని కష్టమైన చోట ప్రాక్టీస్‌కి ఉంచుకోండి.

ఇంకో సెట్టింగ్ తప్పకుండా చూడండి. సెట్టింగ్స్‌లో సేవింగ్ కింద "సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వెల్" ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే, గేమ్ లోపల చేసిన సేవ్ మీరు గేమ్ మూసినప్పుడే డిస్క్ మీదికి వెళ్తుంది. ఆ లోపు కరెంట్ పోతే డెస్క్‌టాప్‌లో గంటల ఆట గాలికి పోయినట్టే. 10 సెకన్లు పెట్టుకోండి. వారానికోసారి "సేవ్స్" ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌కో క్లౌడ్‌కో కాపీ చేస్తే చాలు, పీసీ మారినా మీ ఆట మీతోనే ఉంటుంది.

ఎక్కడైనా ఆగిపోతే

వెంటనే కొత్త ఎమ్యులేటర్ కోసం వెతకొద్దు. ముందు నోవా ది స్క్విరల్ తెరిచి చూడండి. అది నడిస్తే రెట్రోఆర్చ్ బాగానే ఉంది, తేడా గేమ్ ఫైల్‌లోనో బయోస్‌లోనో ఉంది. అది కూడా నడవకపోతే సెట్టింగ్స్‌లో ఉంది. సూపర్ నింటెండో, గేమ్ బాయ్, ఇంకే కన్సోల్‌కైనా ఇదే పద్ధతి: ముందు ఒక కోర్, నమ్మకమైన ఒక్క గేమ్, లేటు కొలత, సేవ్ బ్యాకప్. ఆ తర్వాతే లైబ్రరీ పెంచుకోండి.