గడ్డానికి వంటింటి నూనెలే చాలు

ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా మగపిల్లలకి గడ్డాలే. పెంచడం వచ్చు గానీ చూసుకోవడం రాదు. దురద పుడితే గోక్కోవడం, ఫోన్‌లో కనబడిన సీసా అల్లా తెప్పించుకోవడం. మా ఇంట్లో మా వారూ, మరిదీ, అబ్బాయీ అందరూ గడ్డాలవాళ్లే. వాళ్లకి వాడి చూసి, పనిచేసినవే చెబుతున్నాను. మీ ఇంటి గడ్డాలవాళ్లకి చదివి వినిపించండి.

1. ముందే చెబుతున్నా, నూనె రాస్తే లేనిచోట గడ్డం మొలవదు. అది వంశాన్ని బట్టీ, ఒంట్లో హార్మోన్లని బట్టీ వచ్చేది. ఉన్న గడ్డం మెత్తబడటానికీ, కింద చర్మం పొడిబారకుండా ఉండటానికీ నూనె. ఆ మేరకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

2. కొత్తగా పెంచేవాళ్లకి మొదటి వారాల్లోనే దురద ఎక్కువ. గీసిన వెంట్రుక కొస పదునుగా ఉండి చర్మాన్ని గుచ్చుతుంది. రోజూ రెండు చుక్కలు రాస్తే గరుకు తగ్గుతుంది, విసిగిపోయి గీసేసే పని ఉండదు.

3. స్నానం చేసి తుడుచుకున్నాక, గడ్డంలో కాస్త చెమ్మ ఉండగానే రాయాలి. నూనె ఆ చెమ్మని పోనివ్వదు. ఎండిపోయాక రాస్తే పైన జిడ్డే మిగులుతుంది.

4. పొట్టి గడ్డానికి రెండు మూడు చుక్కలు, గుప్పెడు గడ్డానికి ఐదారు చుక్కలు. తలకి పట్టించినట్టు పోస్తే చొక్కా కాలరు పాడవడమే లాభం.

5. రాసే పద్ధతే అసలు కిటుకు. చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ వెచ్చబడేదాకా రుద్దుకోండి. ముందు వేళ్ల కొసలు గడ్డం లోపలికి పోనిచ్చి చర్మానికి తాకించాలి. దవడ కింద, గొంతు పక్కన, పెదవి కింద గుంటలో తప్పకుండా రాయండి, అందరూ మరిచేది అక్కడే, పొట్టు రాలేదీ అక్కడే. చేతికి మిగిలినదాన్ని పైనుంచి కిందికి నిమిరితే మీసానిక్కూడా సరిపోతుంది.

6. ఇంట్లో కలుపుకునే నూనె ఇదీ: ఐదు టీస్పూన్లు నువ్వుల నూనె, ఒక టీస్పూను ఆముదం. టీస్పూనంటే 5 మిల్లీలీటర్లు, అంటే మొత్తం 30 మిల్లీలీటర్లు. బజార్లో బియర్డ్ ఆయిల్ సీసా కూడా చాలావరకు అంతే ఉంటుంది, దానికి వందల్లో పెడతాం. ఇంట్లో కలిపితే దాంట్లో చిన్న వంతు కూడా కాదు.

7. ఆముదం ఒక్కటే రాయకండి, బంకలా పట్టుకుని దువ్వెన కదలదు. ఏదైనా పలుచని నూనెలో కలిపితే చెదిరిన వెంట్రుకలు అణిగి, గడ్డం ఒత్తుగా కనిపిస్తుంది. పల్లెలో వంటాముదం దొరికితే మరీ మంచిది, వాసన నచ్చనివాళ్లు రాత్రిపూట రాసుకోండి.

8. కొబ్బరి నూనెకున్న గొప్ప గుణం వెంట్రుక లోపలికి ఇంకడం. ముతకగా, పీచులా ఉండే గడ్డానికి ఇదే వాడండి, విరగడం తగ్గుతుంది.

9. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం కొబ్బరి నూనె వద్దు, రంధ్రాలు పూడుకుని ఇంకా లేస్తాయి. వాళ్లకి పొద్దుతిరుగుడు నూనె తేలిగ్గా ఉంటుంది. కొనగలిగితే జొజోబా. అది మన చర్మం నుంచి వచ్చే జిడ్డుకి దగ్గరగా ఉంటుంది, చిన్న సీసా చాలాకాలం వస్తుంది.

10. చలికాలంలో కొబ్బరి నూనె గడ్డకడితే సీసాని వేడినీళ్ల చెంబులో పెట్టండి, పొయ్యి మీద వద్దు. ముందే సగం నువ్వుల నూనె కలిపి ఉంచితే ఆ అవస్థ చాలావరకు తప్పుతుంది.

11. బాదం నూనె కొనేటప్పుడు సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి. లిక్విడ్ పారాఫిన్, మినరల్ ఆయిల్ అని ముందు వరుసలో ఉంటే అది పెట్రోలియం నూనె, బాదం పేరుకే. నిఖార్సయిన బాదం నూనె ఖరీదు, అందుకే చిన్న సీసా కొనండి.

12. గానుగ నూనె తెచ్చుకుంటే వంటకి తెచ్చినదాంట్లోంచే చిన్న సీసాలోకి తీసి పెట్టుకోండి. విడిగా కొనే ఖర్చు మిగిలింది.

13. అప్పడాలు, బజ్జీలు వేయించిన నూనె మాత్రం గడ్డానికి పనికిరాదు. మాడిన వాసన పోదు, చర్మానికీ మంచిది కాదు.

14. ఆవనూనె తలకి వాడేవాళ్లున్నారు గానీ ముఖానికి ఘాటు, మండుతుంది. గడ్డానికి వద్దు.

15. కరివేపాకు నూనె ఇష్టమైతే ఆకు కడిగి, నీడన బాగా ఆరబెట్టాకే నూనెలో వేసి సన్నని సెగ మీద కాచండి. చిటపటలు ఆగాక దించి వడకట్టండి. తడి మిగిలితే బూజు పట్టి సీసా మొత్తం పారబోయాలి.

16. సువాసన కావాలంటే రెండు టీస్పూన్ల నూనెలో లావెండర్ తైలమో, టీ ట్రీ తైలమో రెండు చుక్కలు, అంతే. ఆ తైలాలు నేరుగా ముఖానికి తగిలితే దద్దుర్లు వస్తాయి.

17. చంటిబిడ్డని ఎత్తుకునే నాన్నలూ, తాతలూ ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. కర్పూరం, నీలగిరి తైలం, పుదీనా తైలం కలిపిన నూనె గడ్డానికి రాయకూడదు. బిడ్డ ముఖం మీ గడ్డానికే ఆనుకుని ఉంటుంది, ఆ ఘాటు పసివాళ్ల ఊపిరికి ప్రమాదం. ఉత్త నువ్వుల నూనో, కొబ్బరి నూనో చాలు.

18. నిమ్మరసం కలిపితే చుండ్రు పోతుందని చెబితే వినకండి. అది రాసుకుని ఎండలోకి వెళ్తే నల్ల మచ్చలు పడతాయి.

19. గడ్డంలో చుండ్రు ఉంటే నూనె రాసి వదిలేయడం తగ్గించండి, చుండ్రు చేసే ఫంగస్‌కి నూనే మేత. తలకి వాడే చుండ్రు షాంపూనే గడ్డానికి రాసి, కొద్ది నిమిషాలుంచి కడిగితే సరి, వేరే కొననక్కర్లేదు.

20. ఒంటి సబ్బు గడ్డానికి రుద్దకండి, రాసిన నూనెంతా పోయి పీచులా తయారవుతుంది. వారానికి రెండు మూడుసార్లు మెత్తని షాంపూ, మిగతా రోజులు ఉత్త నీళ్లు చాలు.

21. ప్లాస్టిక్ దువ్వెన బదులు వేప చెక్క దువ్వెన కొనండి. నూనె కొసలదాకా సమంగా పాకుతుంది, వెంట్రుకలు రేగవు.

22. బండి మీద ఎక్కువ తిరిగేవాళ్లు పొద్దున కాకుండా ఇంటికొచ్చి కడుక్కున్నాక రాసుకోండి. నూనె గడ్డానికి దుమ్ము ఇట్టే అంటుకుంటుంది.

23. గడ్డానికి రంగు వేసేముందు బుగ్గల అంచునా, చెవి దగ్గరా కొబ్బరి నూనె పల్చగా పూయండి. చర్మానికి రంగు అంటదు, రుద్ది రుద్ది కడిగే పని తప్పుతుంది. వెంట్రుకలకి మాత్రం ఆ పూట నూనె తగలనివ్వకండి, రంగు పట్టదు.

24. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు మండలం రోజులు గడ్డం గీయరు కదా. దీక్షలో నూనె సంగతి గురుస్వామిని అడగండి. మాల తీశాక ముందు కత్తెరతో పొట్టిగా చేసి, వేడినీళ్లతో తడిపి, నాలుగు చుక్కల నూనె రాసి గీస్తే బ్లేడు జారుతుంది, కోతలు పడవు.

25. ట్రిమ్మర్‌కి కొబ్బరి నూనె వేయకండి, గడ్డకట్టి బ్లేడు పట్టేస్తుంది. దానితోపాటు ఇచ్చిన చిన్న నూనె సీసానే వాడితే రిపేరు ఖర్చు మిగులుతుంది.

26. దిండుగలీబు మీద నూనె మరక పడితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి రుద్ది, పావుగంట ఆగి ఉతకండి. రాత్రి రాసుకునేవాళ్ల దిండు మీద పాత తువ్వాలు పరిస్తే ఆ చాకిరీ కూడా ఉండదు.

27. కలిపిన నూనెని ముదురు రంగు గాజు సీసాలో, ఎండ తగలని చోట పెట్టండి. అయిపోయిన మందు డ్రాపర్ సీసా వేడినీళ్లతో కడిగి బాగా ఆరబెడితే చాలు. వాసన మారితే మొహమాటం లేకుండా పారబోయండి.

28. కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి. బాదం, నువ్వులు, వేరుశనగ పడనివాళ్లు వాటి నూనెల జోలికే వెళ్లొద్దు.

29. గడ్డంలో రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు ఊడి నున్నగా అయితే అది పేనుకొరుకుడు కావచ్చు. గుండ్రంగా ఎర్రబడి అంచున పొలుసులు లేస్తే తామర కావచ్చు. రెండిటికీ ఏ నూనే మందు కాదు. అలాంటివి కనబడితే తువ్వాలు వేరు చేసి, వెంటనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.